ఎళ్ళమావాస్య: బీదరు సీమ పంటపండుగ

మార్గశిర బహుళ అమావాస్యనాడు ప్రొద్దెక్కకముందే బీదరు పట్టణపు వీధులు పలుచబడును. గంపలు, కుండలు, చాపలు, పసిపిల్లలు, ముసలివారు, అందరును పొలములకు తరలుదురు. పూర్వము ఎడ్లబండ్లు కట్టుచుండిరి. ఇప్పుడు ట్రాక్టర్లును మోటారు బండ్లును ఆ పని చేయుచున్నవి. పొలము లేనివారిని పొలమున్నవారు పిలిచి వెంటబెట్టుకొని పోవుదురు. కన్నడిగులు ఈ పండుగను ఎళ్ళ అమావాస్య యందురు. లాతూరు వైపు మరాఠీవారు వేళ అమావాస్య యనియు, వాడుకలో యేళవస యనియు చెప్పుదురు. జహీరాబాదు, నారాయణఖేడు పల్లెల తెలుగు రైతులు ఎల్లమావాస్య యందురు. పేర్లు మూడు, అమావాస్య యొక్కటే, ఆకులో వడ్డించు కూర యొక్కటే.

బీదరున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో మాత్రము ఈ పండుగను గూర్చి ఒక మాట తరచుగా వినబడును: “అది వారి పండుగ.” పొరుగువారు పిలిచినచో పోయి భజ్జి తిని వత్తుము, వారి పొలమును మెచ్చుకొందుము, ఇంటికి వచ్చి మన సంక్రాంతికి దినములు లెక్కించుకొందుము. ఈ ‘వారు’, ‘మనము’ అను భేదము ఎప్పుడు పుట్టినదో, ఎవరు పుట్టించిరో విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము. అందుకు ముందుగా దూరపు చుట్టమొకనిని, అనగా కేరళీయుల ఓణమును, ప్రక్కన నిలుపుకొని చూచుట మేలు. వైమానికదళ కేంద్రమున, ఆసుపత్రులలో, బడులలో పనిచేయు మలయాళీ కుటుంబముల ముంగిట పూలముగ్గులను మనలో చాలమంది చూచియే యున్నారు.

ఓణము సింహమాసపు పండుగ. మలయాళీలు ఆ మాసమును చింగమందురు. మన శ్రవణా నక్షత్రమే వారికి తిరువోణము. హస్తా నక్షత్రమునాడు మొదలుపెట్టి పది దినములు ముంగిట పూలు పేర్చుదురు. దినదినమునకు ముగ్గు పెరుగును. దానికి ముందటిది కర్కాటక మాసము. విడువని వాన, అడుగంటిన గాదె, మందులు కషాయములు త్రాగు కాలము. ఆ కొరత గడచి తొలిపైరు ఇల్లు చేరిన తరువాత వచ్చు పండుగ గనుకనే దానికంత వెలుగు. క్రొత్త బట్టలు, అరటియాకు నిండ సద్య, చెట్టుకొమ్మలకు ఉయ్యెలలు, ఆరన్ముళలో పంపానదిపై పాముపడవలు, వీనినన్నింటిని పత్రికలలో చదువుచునే యున్నాము. ఆనాడు బలిచక్రవర్తి తన ప్రజల యోగక్షేమములు విచారించుటకై పాతాళమునుండి వచ్చునని వారి నమ్మకము.

ఇచట ఒక చిన్న విషయము చెప్పక ముందునకు పోలేను. బలి మనకును పరాయివాడు కాడు. బమ్మెర పోతన భాగవతము అష్టమస్కంధమునందలి వామనచరిత్రము చదువని తెలుగు విద్యార్థి ఒకప్పుడు లేడు. అయితే మనము ఆయన దానమును మెచ్చి కథ ముగింతుము. మలయాళీలు ఆయన తిరిగివచ్చు దినమునకై ఎదురుచూతురు. కన్నడిగులకు కార్తిక శుద్ధ పాడ్యమి బలిపాడ్యమి. మరాఠీ ఇండ్లలో ఆనాడు ఇడుములు తొలగి బలిరాజ్యము రావలెనని స్త్రీలు కోరుదురు. మన పంచాంగములలోను బలిపాడ్యమి యని అచ్చుపడుచునే యున్నది, కాని ఇండ్లలో దానికంత సందడి లేదు. పొరుగువారందరు ఆయనకు పండుగ చేయగా మనము పద్యముతో సరిపుచ్చుకొంటిమి.

ఓణము మొదటినుండియు మలయాళీల సొత్తే యనుకొనుట పొరపాటు. సంగకాలపు తమిళ కావ్యమైన మదురైక్కాంజిలో మధురానగరపు ఓణోత్సవ వర్ణన కలదు. తమిళదేశమున అది క్రమముగా సన్నగిల్లినది. పశ్చిమ కనుమల కావల నిలిచినది. అచట కొచ్చికి సమీపముననున్న త్రిక్కాకర వామనమూర్తి ఆలయము దానికి పుట్టినిల్లుగా పేరొందినది. నేటికిని ఓణమునాడు మట్టితో చిన్న గోపురములవంటి ముద్దలు చేసి త్రిక్కాకరప్పనని పేరిడి ముంగిట నిలుపుదురు. ఈ మట్టిముద్దలను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వీని తోబుట్టువులను బీదరు చేలలో చూడబోవుచున్నాము.

1956 నవంబరు 1వ తేదీన తిరువాంకూరు-కొచ్చి రాష్ట్రమును మలబారు జిల్లాయు కలిసి కేరళమైనవి. 1961లో ఓణమునకు కేరళ రాష్ట్రోత్సవమను గౌరవము దక్కినది. ఒక భాష, ఒక రాష్ట్రము, ఒక పండుగ, మూడును ఒకే హద్దులో చక్కగా అమరినవి. సరిగా అదే 1956 నవంబరు 1వ తేదీన బీదరు జిల్లా మూడు తునకలైనది.

హైదరాబాదు సంస్థానమునను, అనంతరము హైదరాబాదు రాష్ట్రమునను ఇది కన్నడము, మరాఠీ, తెలుగు, ఉర్దూ నాలుగును సంతలో కలిసి వినబడిన జిల్లా. రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము భాషను బట్టి గీతలు గీచినది. అహమ్మదుపూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నారాయణఖేడు తాలూకా, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకా, బీదరు తాలూకానుండి న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశమునకు చేరినవి. మిగిలిన బీదరు, భాల్కి, హుమ్నాబాదు మొదలగునవి మైసూరు రాష్ట్రమున కలిసినవి. తరువాతి మార్పులు మనమెరిగినవే. మైసూరు 1973లో కర్ణాటకమైనది. ఉద్గీరు మొదలగునవి 1982లో ఏర్పడిన లాతూరు జిల్లాలోనికి వచ్చినవి. జహీరాబాదు, నారాయణఖేడులు 2014లో తెలంగాణమునకు, 2016లో క్రొత్త సంగారెడ్డి జిల్లాకు చెందినవి. చట్టములో ‘సర్కిలు’ వరకు పట్టిపట్టి వ్రాసిన వారికి ఒక్క సంగతి మాత్రము పట్టలేదు. న్యాల్‌కల్ చేలలోను, బీదరు చేలలోను, ఉద్గీరు చేలలోను ఒకే అమావాస్యనాడు ఒకే రకపు పొగ లేచుచుండెను. అది నేటికిని లేచుచునే యున్నది.

ఆ చేలు ఎట్టివో చెప్పవలెను. బీదరు కోటయు పట్టణమును నిలిచినది ఎఱ్ఱని జంబిట్టరాతి మెట్టపై. మెట్ట దిగినచో మంజీర, కారంజ నదుల దారులలో నల్లరేగడి. ఈ భూమి వానను త్రాగి దాచుకొను భూమి. పెసర, మినుము వంటి తొలకరి పైరులు దసరాకు ఇటునటుగా ఇల్లు చేరును. మార్గశిరమునాటికి కంది కాయ ముదురుచుండును. తెల్లజొన్న ఎత్తుగా నిలిచియుండును. శనగ, కుసుమ, గోధుమ పచ్చగా నుండును. కాగా ఎళ్ళమావాస్య కోతలు ముగిసిన పిమ్మట చేయు పండుగ కాదు. పంట ఇంకను చేనిలో నుండగా, చేను నిండుగా నుండగా, దాని యొద్దకే పోయి చేయు పండుగ. ఓణమునకును దీనికిని గల ముఖ్యభేద మిదియే. ఓణమునాడు పంట ఇంటికి వచ్చును; ఎళ్ళమావాస్యనాడు ఇల్లు పంట యొద్దకు పోవును.

రైతులు దీనిని భూమితల్లి సీమంతముగా భావింతురు. గర్భిణికి వేవిళ్ళు తీర్చినట్లు, ఒడి నింపినట్లు, భూమికి రుచిగల పదార్థములు నివేదింతురు. కన్నడ దేశపు ఇతర ప్రాంతములలో ఆశ్వయుజ పూర్ణిమనాడు, అనగా సీగె హుణ్ణిమెనాడు, ఇట్టిదే జరుగును. ఈ భావన మనకు క్రొత్తది కాదు. “చేను పొట్టమీద నున్నది” అని ఏ తెలుగు రైతును అడిగినను చెప్పును. భూమిని గర్భిణిగా చూచిన జాతికిగాని అట్టి పలుకుబడి పుట్టదు. పలుకుబడిని మాత్రము దాచుకొని పేరంటమును మరచితిమి, అంతియే.

పండుగ ఏర్పాట్లు రెండు మూడు దినములకు ముందే మొదలగును. జొన్నపిండిని మజ్జిగతో కలిపి పులియబెట్టి అంబలి కాచుదురు. అందులో వెల్లుల్లి, అల్లము, పచ్చిమిరప, జీలకఱ్ఱ పడును. దానిని క్రొత్త కుండలో పోసి, కుండకు సున్నపు బొట్లు పెట్టి, మెడకు పచ్చని పైరు చుట్టి తలమీద మోసికొని పోవుదురు. సజ్జరొట్టెలు, జొన్నరొట్టెలు, జొన్నకుడుములు, వేరుసెనగపప్పు పోళీలు, పెరుగన్నము, పులుపన్నము వెంటపోవును. కాని ఆనాటి రాజు భజ్జి. పేరు విని నూనెలో వేచిన బజ్జీ యనుకొనువారు మన బంధువులలో నేటికిని కలరు. ఇది కూర. పచ్చికంది, అనుములు, బఠాణి, పచ్చిశనగ, మెంతికూర, పాలకూర, ఉల్లికాడలు, వంకాయ, గాజరు, లేత చింతకాయ, పచ్చి వేరుసెనగ, చేతికందిన ప్రతి కాయయు గింజయు ఆకును అందులో చేరి శనగపిండితో చిక్కబడును. ఒక్కొక్క ఇంటి భజ్జి ఒక్కొక్క రుచిగా నుండును. ఎవరి పొలములో ఏది పండునో అది కూరలో తెలిసిపోవును. సజ్జరొట్టె తునకతో దానిని తిని పైన చల్లని అంబలి త్రాగవలెను. ఈ రెండింటికి సాటియగు భోజనము పంచభక్ష్య పరమాన్నములలో లేదని నా యభిప్రాయము. సద్య తిన్నవారు ఒప్పుకొనకపోవచ్చును.

పొలములో ఒక చెట్టునీడనో, బావిగట్టుననో జొన్నచొప్పతో చిన్న గుడిసె నిలుపుదురు. అందులో ఐదు రాళ్ళను వరుసగా నిలిపి సున్నము పూసి కుంకుమ పెట్టుదురు. వీరే పంచపాండవులు. త్రిక్కాకరప్పనకు విగ్రహము లేదు, మట్టిముద్ద కలదు. ఈ పాండవులకును ముఖములు లేవు, రాళ్ళు కలవు. చేనికి కావలియుండు దేవతలు శిల్పుల చేతిలో పుట్టినవారు కారు. నాటి యుదయమున రైతు చేతిలో పుట్టి సాయంకాలమునకు మరల రాయియై పోవువారు. భారతకథ పల్లెలకు చేరకముందు ఈ ఐదుగురికి వేరు పేర్లుండెనేమో. దక్కనుదేశమున గుహ కనబడినను, గుండు కనబడినను పాండవులదే యనుట వాడుక గదా!

పూజ ముగిసిన పిమ్మట నివేదించిన అన్నమును, భజ్జిని, రొట్టె తునకలను గంపలో వేసికొని ఒకరు చేనిలో చల్లుచు ముందు నడువగా మరియొకరు అంబలియో నీరో చిలుకరించుచు వెనుక నడుతురు. దీనిని చరగ యందురు. నడచుచు గొంతెత్తి ఒక కేక పెట్టుదురు; ‘హులిగ్యో’ అని మొదలగును. ఒక పొలములో కేక లేచినచో ప్రక్కపొలమువారు అందుకొందురు. పక్షులకు, పురుగులకు, చీమలకు ఆనాటి భాగము ముందు పెట్టి పిమ్మట మనుష్యులు కూర్చుందురు. భోజనానంతరము చెట్టుకొమ్మలకు ఉయ్యెలలు. పెద్దవారికి ఎండలో కునుకు.

ఇక మాటల సంగతి. అంబలి మనకును కన్నడిగులకును అంబలియే, మరాఠీలో ఆంబిల. కన్నడపు కడబు మన కుడుమునకు తోబుట్టువు. చరగను చూచి ఇది మనకు లేదనువారు రాయలసీమ, నెల్లూరు ప్రాంతముల కనుమనాటి ‘పొలి’ని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కనుమనాడు అన్నమును పసుపు కుంకుమలతో కలిపి చేలలో చల్లుటయే పొలి చల్లుట. పొలి యను మాటకు తమిళ, తుళు భాషలలో వృద్ధి, సమృద్ధి యను అర్థములు కలవు. కన్నడమున ఏపుగా పెరిగిన పైరును హులుసుగా నున్నదందురు. మన పకారము కన్నడమున హకారమగుట పాలు హాలైనట్లు, పులి హులియైనట్లు ప్రసిద్ధమే. ‘హులిగ్యో’ యను కేకలో ఆ పాత పొలియే దాగియున్నదేమోయని నాకు తోచును. ఇది ఊహయే గాని నిర్ణయము కాదు. భాషాశాస్త్రజ్ఞులు విచారింతురు గాక.

పండుగ పేరునకును రెండు వివరణములు వాడుకలో నున్నవి. ఎళ్ళు అనగా నువ్వులు గనుక నువ్వుల అమావాస్య యనునది మొదటిది. ఏళు అనగా ఏడు గనుక ఏడవ అమావాస్య యనునది రెండవది. లాతూరు మరాఠీవారును తమ పండుగ పేరు కన్నడపు ఏళునుండి వచ్చినదనియే చెప్పుకొందురు. దేనినుండి ఏడవది? జ్యేష్ఠ అమావాస్య మొదలు ఆషాఢము, శ్రావణము, భాద్రపదము, ఆశ్వయుజము, కార్తికము, మార్గశిరము లెక్కించిన ఏడగును. ఆ జ్యేష్ఠ అమావాస్యకు పదునైదు దినముల ముందటి పూర్ణిమ ఏది? మన ఏరువాక పున్నమి! ఎడ్లను కడిగి అలంకరించి తెలుగు రైతు నాగలి పూన్చు దినము. ఈ లెక్క నిజమైనచో తెలుగువాడు దుక్కితో ఆరంభించిన సంవత్సరమునకే ఈ అమావాస్య నిండు దినము. తల మన చేతిలోను, తోక పొరుగువాని చేతిలోను పెట్టుకొని ఆవు ఎవరిదని తగవులాడినట్లున్నది.

కావున ‘వారి పండుగ’ యను మాట 1956కు ముందు ఈ జిల్లా రైతు నోట పుట్టియుండదని నా నమ్మిక. నారాయణఖేడు తెలుగు రైతునకు అది వారిదని ఎన్నడును తోచలేదు, నేటికిని తోచదు. తోచినది పట్టణములో స్థిరపడి ఉద్యోగములు, వ్యాపారములు చేసికొను మనకు. హైదరాబాదు నుండియో, కోస్తా నుండియో పండుగల పట్టిక వెంట తెచ్చుకొంటిమి. ఆ పట్టికలో సంక్రాంతి కలదు. అది సూర్యుని లెక్క గనుక జనవరి నడుమ కదలక కూర్చుండును. ఎళ్ళమావాస్య చంద్రుని లెక్క. డిసెంబరు నడుమనుండి జనవరి నడుమ వరకు జరుగుచుండును. 2024లో అది రెండుమార్లు వచ్చినది, జనవరి 11న ఒకమారు, డిసెంబరు 30న ఒకమారు. ఇట్లు చేతికందని పండుగను క్యాలెండరుపై బ్రతుకువారు విడుచుటలో ఆశ్చర్యము లేదు.

మరియొక సంగతి. ఓణమునకు చక్రవర్తి కలడు, కథ కలదు, ప్రభుత్వము కలదు. అందుచేత చేలు తరిగినను అది తరుగలేదు. 1970లలో కేరళలో సుమారు 8.8 లక్షల హెక్టార్ల వరిచేను ఉండగా ఇప్పుడు రెండు లక్షలకు ఇటునటుగా నున్నది. సద్యకు వలయు బియ్యము చాలవరకు మన ఆంధ్రదేశమునుండియు, పూలముగ్గునకు బంతిపూలు కర్ణాటకములోని గుండ్లుపేట చేలనుండియు పోవుచున్నవి. అయినను దుబాయిలోను, ముంబయిలోను, బీదరులోను మలయాళీ యున్నచోట ఓణము జరుగును. పంట పోయినను నిలువగల పంటపండుగ అది.

ఎళ్ళమావాస్యకు ఆ వెసులుబాటు లేదు. దానికి రాజు లేడు, పురాణము లేదు. ప్రక్కనున్న కల్యాణపు శివశరణుల కథను పాల్కురికి సోమనాథుడు తెలుగున బసవపురాణముగా వ్రాసినాడు గాని, ఈ చేలలోని ఐదు రాళ్ళకు అట్టి కవి దొరకలేదు. దాని ఆధారమంతయు చేనే. మేడమీద జరుపుటకు వీలులేని పండుగ. చల్లుటకు పైరు కావలెను, నిలుపుటకు చొప్ప కావలెను, కూరలో వేయుటకు పచ్చికంది కావలెను. బీదరు చుట్టుపట్ల కొన్ని దశాబ్దములుగా సోయాచిక్కుడు విస్తారముగా వేయుచున్నారు. అది ఆశ్వయుజమునకే కోతకు వచ్చి చేను ఖాళీయగును. చక్కెర కర్మాగారముల వలన చెరకు పెరిగినది. పట్టణము నానుకొనియున్న చేలు ఇండ్లస్థలములైనవి. జొన్న వేయుట మానినవారు గుడిసెకై చొప్పను ప్రక్క ఊరినుండి తెచ్చుకొనవలసి వచ్చుచున్నది. చెరకుతోటలో రాళ్ళు నిలిపి, చెరకాకునే గుడిసెగా వంచి, భజ్జికి కావలసిన పచ్చికందిని సంతలో కొని తెచ్చువారును ఉన్నారు. అయినను వారు పొలమునకే పోవుదురు. ఇంటిలో ఆ కూర వండి పండుగైనదనిపించుకొన్నవారిని నేనింతవరకు చూడలేదు.